పొడుగు పైపు, పొట్టి పైపు

జనవరి 6, 2025. సోమవారం. సాయంత్రం 6

డాక్టర్ రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. చెవిలో మోత ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఆ టైముకి ఏం పని చేస్తున్నాను. న్యూ ఇయర్‌కు చర్చిలో ఇచ్చిన డైరీ ఎలాగూ ఖాళీగానే ఉంది.

మోత: పొద్దున్నుంచీ. కుక్కర్ కూత వేయబోయే ముందు సన్నగా బుసకొడుతుంది చూడు, అది. కూత మాత్రం రాదు.

గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, బీప్ వినపడితే బటన్ నొక్కమన్నారు. కుడి వైపు చాలాసేపు బటన్ పట్టుకుని కూర్చున్నాను. టెస్ట్ ఇంకా మొదలుకాలేదనుకున్నాను. అయిపోయిందట.

కుడి చెవి దాదాపు పోయింది. ఎడమది సగం. ఇరవై ఆరేళ్లు ఇంజన్ల పక్కన ఉత్త చెవులతో నిలబడ్డ ఫలితం. చెవికి వినికిడి మెషీన్ పెట్టుకోవాలట, పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండాలట. ఏం పని చేస్తారని అడిగాడు. సైలెన్సర్లు చేస్తానన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఫలక్‌నుమాలో డానియేలు అంటే ముగ్గురున్నారు. చెవి డానియేలు అంటే నేనొక్కణ్ణే. ఇంజన్ స్టార్ట్ చేయించి పైపు దగ్గర చెవి పెడితే ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పేస్తాను. చెప్పేసేవాణ్ణి. జూబ్లీహిల్స్ నుంచి అంతంత కార్లు మా గల్లీలోకి ఎందుకొస్తాయి? పైపులు వంచేవాళ్లు అక్కడ లేరా? ఈ చెవి కోసం వస్తాయి. ఆ చెవికి మెషీన్ తగిలించుకుని షెడ్డులో ఎలా కూర్చోను?

జనవరి 7

మోత: రోజంతా.

జనవరి 11, శనివారం

రేసుల పిచ్చి ఉన్న కుర్రాడు సంకేత్ కారు తెచ్చాడు. పాత లాన్సర్. లోపల సీట్లు పీకేసి, జపాన్ నుంచి తెప్పించిన టర్బో ఇంజన్ పెట్టాడు. ఫిబ్రవరి 22న ఊరి బయట ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ రేసు. సూటిగా నాలుగు వందల మీటర్లు, అంతే. పాపం, రెండేళ్లుగా ఈ ఎంట్రీ కోసమే తిరుగుతున్నాడు. ఎగ్జాస్ట్, అదే పొగ పైపు, నేనే చేయాలట.

వెంట అభిజ్ఞ వచ్చింది. బహదూర్‌పురా అమ్మాయి. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ప్రాజెక్టుకని నా షెడ్డు చుట్టూ తిరిగేది. ఇప్పుడు లాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌లోకి పెట్రోల్ ఎప్పుడు ఎంత పోవాలో సెట్ చేస్తుంది.

నేల మీద చాక్‌పీస్‌తో రెండు బొమ్మలు గీశాను. ఒకటి పొట్టి పైపు. టర్బో నుంచి మూరెడు దూరంలో, ముందు చక్రం మీది ఫెండర్ రేకుకు బొక్క చేసి బయటికి. సైలెన్సర్ లేదు, ఏమీ లేదు. రెండోది పొడుగు పైపు. కారు కింద నుంచి వెనకదాకా, మధ్యలో సైలెన్సర్ డబ్బా.

ఏది పెట్టాలో చిన్నపిల్లాడైనా చెప్తాడు. టర్బో తర్వాత దారి ఎంత ఖాళీగా ఉంటే కారు అంత పరుగెడుతుంది. ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు కొంచెం అడ్డు, కావాలని వాదించే బుల్లెట్ బండి పిల్లలను ఇన్నేళ్లూ నవ్వుకుంటూ వాపస్ పంపినవాణ్ణి నేనే.

పొడుగు పైపే పెడదామన్నాను. ఇంజన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలన్నాను. నా నోటితోనే.

సంకేత్ సరే అన్నాడు. అభిజ్ఞ చాక్‌పీస్ బొమ్మల వంక చూస్తూ ఉండిపోయింది.

జనవరి 12, ఆదివారం

చర్చి బయట పాస్టర్ గారు ఏదో అడిగారు. అలవాటుగా తల ఊపాను. ఇంటికొచ్చాక తెలిసింది, యూత్ కోయిర్ పోటీకి జడ్జిగా ఒప్పుకున్నానట. దేవుడికి కూడా నాతో ఆటలే.

జనవరి 20

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను.

చెవి మోసం చేయడం మొదలయ్యాక అరచేతికి నేర్పించుకున్నాను. పొడుగు పైపు చివర గాలి కాస్త చల్లబడి వస్తుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చేయి అడ్డం పెడితే దెబ్బలు తెలుస్తాయి. నాలుగు సిలిండర్లవీ సమానంగా తగిలితే మంచిది. ఒకటి తప్పితే వెంటనే దొరుకుతుంది. ఏడాదిగా చెవి పెట్టినట్టు వంగి, చేత్తోనే పని నడిపిస్తున్నాను. ఎవరూ కనిపెట్టలేదు.

పొట్టి పైపు దగ్గర చేయి పెడితే తోలు ఊడి వస్తుంది. అందుకే పొడుగుది. కారు కోసం కాదు, నా చేతి కోసం. ఇరవై ఆరేళ్లలో ఇంత సిగ్గుమాలిన పని చేయలేదు. మానే ధైర్యమూ లేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

పైపు అయిపోయింది. స్టార్ట్ చేశాం. వంగాను, చేయి పెట్టాను, ఓకే అన్నాను.

అభిజ్ఞ పర్మిషన్ అడిగి, సైలెన్సర్‌కు ముందు చిన్న రంధ్రం పెట్టి ప్రెషర్ గేజ్ బిగించింది. రేస్ ఇస్తే ముల్లు లేచి నిలబడింది. ఊపిరి పోయే దారి మూసినట్టే అంది. గొంతు పెంచలేదు. పైపు తెరిచి ఉండాలని మీరే చెప్పారు కదా అని, కాలేజీ రోజుల్లో నన్ను రికార్డు చేసిన వీడియో ఫోన్‌లో చూపించింది. అందులో నేను చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాను. ఒక్క మాట వినపడలేదు. వినాల్సిన పని కూడా లేదు.

సంకేత్ ఆమెను మధ్యలోనే ఆపేశాడు.

"లాప్‌టాప్ పక్కకు పెట్టు అభీ. అన్న చెవి ముంగట గేజ్ ఏంది?"

గేజ్ విప్పడానికి ఆమెకు స్పానర్ అందించాను.

ఫిబ్రవరి 4

గేజ్ అబద్ధం చెప్పదు. నేను చెప్పాను.

ఫిబ్రవరి 8, శనివారం

పొడుగు పైపు కోసి పారేశాను. ఫెండర్‌కు బొక్క చేసి పొట్టి పైపు వెల్డింగ్ చేశాను. వెల్డింగ్ బాగా వచ్చింది, అదొక్కటే తృప్తి. చెవికి నచ్చలేదు, మార్చేశాను అని సంకేత్‌కు చెప్పాను. మంచి పని చేయడానికి కూడా అబద్ధమే ఆడాలి.

స్టార్ట్ చేస్తే రేకుల కప్పు మొత్తం వణికింది. పక్కింటివాళ్లు లొల్లికి వచ్చారు. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మూసుకుంటే అనుమానం వస్తుందని మూసుకోలేదు.

మోత: రెండు చెవుల్లోనూ.

ఫిబ్రవరి 14

మెషీన్ కొన్నాను. వెల్డింగ్ రాడ్ల డబ్బాలో దాచాను. మా ఆవిడ సుందరమ్మ డబ్బా తెరిచి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పోయిన క్రిస్మస్ నుంచే ఎర్కనట. అందుకే చర్చిలో ఎప్పుడూ నా ఎడమ పక్కకే వచ్చి కూర్చుంటోంది. నేనేమో ఫ్యాన్ కోసమనుకున్నాను.

"పెట్టుకో. నీకు సిగ్గయితే నేను పెట్టుకుంట," అంది.

ఇద్దరం నవ్వాం. మళ్లీ డబ్బా మూసేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

మొదటి రన్ బాగానే పోయింది. రెండోదానికి ముందు అభిజ్ఞ లాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మూడో సిలిండర్‌లో నాకింగ్, అంటే పెట్రోల్ వేళ తప్పి పేలడం, పెరుగుతోందట. విప్పి చూడాలట. విప్పితే టర్న్ పోవచ్చు. సంకేత్ హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్లు ఎదురుచూసినవాడు ఊరికే దిగుతాడా?

"అన్నా, నువ్వు ఇను. నువ్వు పొమ్మంటే పోత."

చుట్టూ ఇరవై మంది. నేను ఫెండర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. చేయి పెట్టడానికి లేదు, మంట వస్తోంది. చెవి పెట్టాను. ఏమీ లేదు. నా మోత ఒక్కటే ఉంది.

పొమ్మంటే పిస్టన్ కరిగిపోవచ్చు. రెండు వందల స్పీడులో ఆయిల్ టైర్ల కిందికి వస్తే ఆ పిల్లాడు ఇంటికి చేరడు. ఆపమంటే, ఏం విని ఆపమన్నావని అడిగితే? నాకు చెవులు లేవని అక్కడే అరవాలనిపించింది. తలెత్తి అభిజ్ఞను చూశాను. ఆమె నా వంకే చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"ఆపు. మూడోది కొడ్తున్నది. దిగు," అన్నాను.

మూడో సిలిండర్ ప్లగ్ తీస్తే దాని పింగాణీ తొడుగు పగిలి ఉంది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌లో చెత్త అడ్డుపడి ఆ సిలిండర్‌కు పెట్రోల్ సరిగా అందట్లేదు. ఇంకో రన్ చేసుంటే ఇంజన్ పోయేదే. రెండూ మార్చారు. ఆఖరి టర్న్ దొరికింది. పదిన్నర సెకన్లలో దాటేసి క్లాసులో ఫస్ట్ వచ్చాడు.

నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. పైనుంచి కనిపించింది, అభిజ్ఞ ఒక్కతే కేబుల్ చుట్టుకుంటోంది.

ఫిబ్రవరి 23

చర్చి ఎగ్గొట్టి బహదూర్‌పురా వెళ్లాను. చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. గేజ్ పెట్టిన రోజు నా కుడి పక్కన నిలబడి మూడుసార్లు పిలిచిందట. ఆ తర్వాత నా చేతిని గమనించిందట. నిన్న కావాలనే నా ఎదురుగా వచ్చి నిలబడిందట.

నీకు రావాల్సిన పేరు నేను కొట్టేశానమ్మా అన్నాను.

"మీరు చెప్పేదాంక నేనెవ్వరికీ చెప్ప అంకుల్. ఫికర్ జెయ్యకుండ్రి."

తిట్టుంటే బాగుండేది. ఆమే అందరికీ చెప్పేస్తే నా పని ఒక్కరోజులో తేలిపోయేది. ఇప్పుడు నా నోరు నేనే తెరవాలి.

మార్చి 1

ఈ వారం నాలుగు కొత్త కార్లు. అందరికీ నా చెవే కావాలి. ఒకాయన వీడియో తీసుకుంటానంటే తల ఊపాను. ఇంకేం ఒప్పుకున్నానో తెలియదు.

సంకేత్ కొత్త బోర్డు చేయిస్తున్నాడు, తన గిఫ్ట్ అట. ఫ్లెక్స్ కాదు, చేత్తో వేసింది. 'చెవి డానియేలు' అని పెద్ద అక్షరాలు, పక్కన చెవి బొమ్మ. వద్దన్నాను. నవ్వాడు. ఏమన్నాడో అందలేదు.

మార్చి 8. మధ్యాహ్నం

పెయింటర్ అంజన్ బోర్డు ఎక్కించి టీకి పోయాడు. బొమ్మ బాగా వేశాడు. కుడి చెవి.

రంగు డబ్బాలు, సన్న బ్రష్ కిందే ఉన్నాయి. నిచ్చెన ఎక్కాను. పొద్దున రాడ్ల డబ్బాలోంచి తీసి జేబులో వేసుకున్న మెషీన్ బయటికి తీసి, అది చూస్తూ బొమ్మ చెవికి కూడా ఒకటి వేశాను. చెవి వెనక చిన్న డబ్బా, లోపలికి సన్న తీగ. కింద అక్షరాలకు చోటు చాల్లేదు, అయినా 'అభిజ్ఞ' అని ఇరికించాను.

దిగేసరికి టీ కొట్టు దగ్గర అందరూ తలెత్తి చూస్తున్నారు. చేతిలోని మెషీన్ చెవికి తగిలించుకున్నాను.

మోత: చూసుకోలేదు.