బానెట్ మళ్ళీ రావడం లేదు

బావగారికి నమస్కారాలు.

కింది వాటా నుంచి మేడ మీదికి ఉత్తరమేమిటని నవ్వకండి. ఎదురుగా చెప్పబోతే, "దానికేముందమ్మా" అని మాట తుంచేస్తారు మీరు.

నిన్న కారు వేడెక్కిపోయింది. నీళ్ళు పోద్దామంటే బానెట్ తెరుచుకోలేదు. నేను లోపల కూర్చుని మీట లాగుతున్నాను, మీ తమ్ముడు ముందు నిలబడి బానెట్‌ని పైకి పీకుతున్నారు. కంగారులో "లాగు" అనబోయి "నొక్కు, నొక్కు!" అని అరిచారు. నా చేతికి దొరికింది హారన్. నొక్కేశాను.

ఆ గోలకే కదా మీరు దిగివచ్చారు! పిట్టగోడ గురించి మీ అన్నదమ్ములిద్దరూ గొడవపడ్డాక మా గుమ్మం వైపే చూడని మీరు, ఆయన్ని పక్కకి నెట్టి, "పైకి పీకితే ఎలా వస్తుందిరా? పట్టేసినప్పుడు ముందు కిందికి నొక్కాలి" అన్నారు. అరచేతులు ఆన్చి మీరు నొక్కారు, నేను మీట లాగాను, టక్కున వచ్చేసింది.

భోజనాల దగ్గర మీ తమ్ముడు, "అన్నయ్య నన్ను 'రా' అన్నాడు, విన్నావా?" అని ఎన్నిసార్లు అడిగారో! ఇన్నాళ్ళూ "ఆయనగారితో చెప్పమ్మా" అని నాతోనే కదా కబురు పంపేవారు మీరు. ఆ ఒక్క 'రా'కి మీ మేలు మరిచిపోలేను బావగారూ.

పొద్దున ఆయన బానెట్ గొళ్ళేనికి నూనె వేశారు. నేను చూశాను, ఒక్క వేలితో తెరుచుకుంటోంది. ఇప్పుడేమో కారు పక్కన నిలబడి, "బానెట్ మళ్ళీ రావడం లేదు, అన్నయ్యని పిలు" అంటున్నారు.

ఒకసారి దిగి రండి. వచ్చి, కాస్త గట్టిగానే నొక్కండి.

మీ మరదలు