పిన్ని చేతులకి గాజులు

అమ్మమ్మా,

చదువెక్కువై అందర్నీ అనుమానిస్తున్నానట. నీ సంవత్సరీకం పూట అమ్మ నన్నన్న మాట ఇది.

నువ్వు పోయాక పిన్నిని మామయ్య ఊరి చివరి హోంలో చేర్చాడు. నలభై ఏళ్లొచ్చినా పసిపిల్లలాంటి నీ చిన్నకూతుర్ని ఇంట్లో ఎవరు చూస్తారన్నాడు. ఇవాళ నీ పేరు మీద అక్కడ భోజనాలు పెట్టడానికి వెళ్లాం. పిన్ని రెండు చేతులకీ నిండా ఎర్ర గాజులున్నాయి.

"చూశావా, ఎంత ముచ్చటగా చూసుకుంటన్నారో!" అని అమ్మ మురిసిపోయింది.

పండక్కి నువ్వొక్క జత వేసినా పిన్ని తీసి గోదాట్లో పడేసేది. అమ్మకది గుర్తు రాలేదు. నేను గాజులు జరిపి చూశాను. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకుపోయిన పుళ్లు.

"మంచానికి కట్టకపోతే రోడ్డు మీదకి పోద్దండి," అంది ఆయా. "చుట్టాలొచ్చినప్పుడు బాగోదని గాజులేశాం."

"గొడవ చేశావంటే రేపు దాన్నెవరు చూత్తారే?" అన్నాడు మామయ్య.

పిన్ని నా చెవిలో, "అమ్మతో చెప్పు," అంది. అందుకే నీకు రాస్తున్నాను. ఇంకెవరూ వినడం లేదు అమ్మమ్మా.

పిన్నిని ఆటోలో ఇంటికి తెచ్చేశాను. అక్కడ ఇంకా ఐదుగురి చేతులకి గాజులున్నాయి. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాను.