మందు లేని బిళ్ళ

బుజ్జీ,

ఆస్పత్రి నుంచి కవరు వచ్చింది. క్యాన్సర్‌తో పాటు వచ్చే దిగులుకి పుట్టగొడుగుల మందు పరీక్షించారు కదా, మెదడులో మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే రసాయనం దారిలో పనిచేసేది. మీ అక్కకి ఇచ్చింది ఆ మందు కాదు, మందు లేని ఉత్త బిళ్ళ అని అందులో ఉంది.

"చూశారా బావగారూ, మోసం చేశారు" అంటావు. కానీ ఎవరికి మందు, ఎవరికి ఉత్త బిళ్ళ అన్నది చీటీ తీసినట్టే తేలుతుందని ఒప్పుకోలు కాగితం మీద సంతకానికి ముందే తనకి చెప్పారు.

బిళ్ళ వేసిన రోజు, అసలు మందైతే రంగులు కనబడతాయంటే, కళ్ళకి గంతలతో ఆస్పత్రిలో ఆరు గంటలు పడుకుంది. కారెక్కాక, "నాకు ఉత్తదే ఇచ్చారండీ. ఒక్క రంగూ కనబడలేదు, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలే గుర్తొచ్చాయి" అని నవ్వింది.

"అయితే మానేద్దామా?" అన్నాను.

"నేను మానేస్తే, పక్క గదిలో ఆవిడకి తగ్గితే అది మందు వల్లో కాదో వాళ్ళకెలా తెలుస్తుంది?"

తర్వాత నాలుగు నెలలూ ఆయాసపడుతూ ఆ ఆస్పత్రి మెట్లెక్కింది. దిగులు తగ్గలేదని ప్రతిసారీ ఉన్నదున్నట్టు రాసిచ్చింది. మందు పడ్డవాళ్ళలో సగానికి పైగా తేరుకున్నారని కవరులో ఉంది. అది మందు గొప్పేనని తేలింది మీ అక్కలాంటి వాళ్ళతో పోల్చి చూడబట్టే.

అక్కకి ఉత్త బిళ్ళే ఇచ్చి ఉంటారన్న అనుమానంతో ఆస్పత్రి మీద ఫిర్యాదు ముందే రాసిపెట్టానన్నావు. పంపకమ్మా. మీ అక్క మోసపోలేదు. తెలిసే వెళ్ళింది.

మీ బావ