గుండా, బద్దా

తమ్ముడూ,

నువ్వు డయాలసిస్ మంచం మీద ఎదురుచూసిన వీడియో గేమ్, నీ సంవత్సరీకం అయిన మర్నాడే విడుదలైంది. విమర్శకులు పదికి తొమ్మిది వేశారట. నువ్వు ఆ మార్కులు నమ్మేవాడివి కాదు. పలాసలో జీడిపప్పు ఏరినట్టు, బాగుంటే గుండు, ఓ మాదిరైతే బద్ద, పనికిరాకపోతే నూక అని నీ యూట్యూబ్ ఛానెల్లో చెప్పేవాడివి.

నీ స్నేహితుడు రమణ వచ్చాడు.

"ఛానెల్లో అందరూ అడుగుతున్నారన్నా. ఆడి పేరు మీద గుండని ఎట్టేద్దుమా?"

"ఆడు ముట్టని ఆటకి ఆడి పేరెందుకురా? నువ్వే ఆడి సూసి, నీ మాటగా సెప్పు," అన్నాను.

సాయంత్రమంతా నీ గదిలో ఆడాడు. పక్కన నేను కూర్చున్నాను. నాకేమీ అర్థం కాలేదు. ఒకచోట వాడు గట్టిగా నవ్వి, "సూసేవేటిరా?" అని నీతో అన్నట్టే నావైపు తిరిగాడు.

ఊఁ అన్నాను.

అన్నయ్య