మంచిగున్న అనే మాట

ఇబ్రహీంపట్నం,
ఆదివారం.

బాలేష్ బావకు, కరుణ రాస్తున్నది. ఇక్కడ నేను, మనోజ, అత్తమ్మ అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని మాత్రం అడగను. అడిగితే ఏమంటావో నాకు తెలుసు.

అంజిలయ్యతో పంపిన చీటీలో అడిగావు కదా, పెద్ద చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి, చేపలు పడుతున్నాయి. చిరిగిన వల సాయన్న మామ బాగుచేసి ఇచ్చాడు. చేపల పనికని అంత దూరం పోయిన బాపు ఎప్పుడొస్తాడని మనోజ రోజూ నా ప్రాణం తీస్తోంది.

నీ గజ్జల్లో హెర్నియాకు ఆపరేషన్ చేసిన దవాఖాన నుంచి మొన్న ఫోన్ వచ్చింది. ఐదేళ్లయింది కదా, ఎలా ఉన్నావో కనుక్కుంటున్నారట. వాపు మళ్లీ వచ్చిందా అని అడిగింది ఒక పిల్ల. రాలేదన్నాను. "అయితే మంచిగైనట్టే" అని పెట్టెయ్యబోయింది. నాకు ఒళ్లు మండింది. వాపు లేకపోతే మనిషి బాగైనట్టేనా, నొప్పి సంగతి అడగరా అని గట్టిగానే అరిచాను. పోయిన ఏడాది వాళ్లు ఫోన్ చేస్తే నువ్వే మంచిగున్న అన్నావట! వల లాగి వచ్చిన రోజు గోడ పట్టుకుని కూర్చునే మనిషివి, నీకు ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది బావా? ఆపరేషన్‌కు ముందు, చిన్న చిన్న రంధ్రాలే, తొందరగా ఇంటికి పోవచ్చు అన్నారు. పోయాం. ఆ తర్వాత నువ్వు పడ్డ బాధ ఎవరు చూశారు?

నా నోరు విని ఆ పిల్ల డాక్టర్‌కు ఫోన్ ఇచ్చింది. ఆయన ఓపికగానే విన్నాడు. చాలామందికి ఏ బాధా ఉండదట, కొందరికి మాత్రం నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుందట. చూపించుకుంటే తగ్గించే దారులున్నాయట. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆలుమగలు కలిసినప్పుడు గూడ నొస్తదని ఎప్పుడన్న చెప్పిండా?"

ఎప్పుడూ చెప్పలేదన్నాను.

బావా, ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. నువ్వు మంచం అరుగు మీదికి మార్చినప్పటి నుంచి నీ మనసులో ఇంకెవరో ఉన్నారనుకున్నాను. అద్దంలో చూసుకుని నాలో ఏం తక్కువైందా అని ఏడ్చాను. నొస్తోందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది? సిగ్గు నీది, ఏడుపు నాదీనా?

డాక్టర్ రేపు కాక పై సోమవారం రమ్మన్నాడు. ఇది అందగానే బయలుదేరు. అక్కడ పని చేయించే మేస్త్రీ అడ్డు చెబితే నాతో మాట్లాడమను. నీ మంచం లోపలికి తెచ్చి వేశాను. పక్కన పడుకుంటే చాలు, నాకింకేమీ వద్దు. ఊళ్లో ఎవరడిగినా మంచిగున్న అని చెప్పుకో. ఆ డాక్టర్‌కూ నాకూ మాత్రం ఆ మాట చెప్పకు.

ఇట్లు,
కోపం ఇంకా తీరని నీ మరదలు, నీ ఇల్లాలు,
కరుణ