కుడివైపు గడులు

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం.

నిన్న కూడా నేనే గెలిచాను. ఈ నెలలో నువ్వు నన్ను ఒక్కసారీ ఓడించలేదు. గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియని నాకు ఫోన్లో చదరంగం నేర్పింది నువ్వే. పొద్దున ప్రార్థన ముగించి, ప్రెస్సుకి బయల్దేరేలోగా ఆ యాప్ ఇచ్చే చిక్కుముడులు ఒకటో రెండో విప్పుతున్నాను. ఆట మెరుగైందని మురిసిపోయాను కూడా.

మొన్న మన చదరంగం గ్రూపులో నీ స్నేహితుడు పానా ఏం రాశాడో చూశావా? "పెద్దక్కా, మీ తమ్ముడు కావాలనే ఆట వదిలేస్తున్నాడు. మీ పుట్టినరోజు కానుక ముందే ఇస్తున్నట్టున్నాడు" అని. మీ బస్సుల షెడ్డులో ఇంజన్లు విప్పే పని తక్కువైనప్పుడల్లా వాడికి విప్పడానికి మనుషులు కావాలి. వెక్కిరింతే అయినా ఆ మాట ముల్లులా దిగింది. నిజంగా వదిలేస్తున్నావా? లేక ఒంట్లో నలతగా ఉందా? ఫోన్ చేస్తే "బస్సులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఉన్నమాట రాయి.

పెద్దక్క

*

ప్రియమైన అక్కకు,

గురువుకే పంగనామాలు పెట్టి, పైగా పరామర్శ కూడానా! మా ఆవిడకే ఆట వదలనివాణ్ణి నీకు వదులుతానా? మొన్న ఓడిపోయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు, నీ మరదలు.

పని ఎక్కువైంది, అంతే. ఇద్దరు డ్రైవర్లు మానేశారు. వాళ్ళ రూటు కూడా నా నెత్తినే రుద్దారు. వానలకి ముందు ఒక పూట తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది కానీ మాత్ర వేసుకుని పడుకుంటే పోయింది. కొత్త బస్సు వెడల్పు ఇంకా చేతికి రాలేదు. కుడి అద్దం రెండుసార్లు గోడకి రాసుకుంది. "వీడి బస్సుకి గోడంటే ప్రేమరా" అని పానాగాడు షెడ్డంతా టముకు వేస్తున్నాడు.

ఆదివారం ఆడదాం. కాస్కో.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఆదివారం ఆటలన్నీ నేనే గెలిచాను. సంతోషం కలగలేదు.

ఇన్నేళ్ళుగా అచ్చుతప్పులు దిద్దుతున్నదాన్ని. ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంటే చెయ్యి ఆగిపోతుంది. నీ పాత ఆటలు యాప్‌లో తెరిచి, మొదటి నుంచి చూశాను. తెల్లపావులతో ఆడినప్పుడు రాజు వైపు దెబ్బ తింటున్నావు. నల్లపావులతో ఆడినప్పుడు మంత్రి వైపు. మొదట అర్థం కాలేదు. నల్లపావులు తీసుకుంటే ఫోన్ పటాన్ని తిప్పి చూపిస్తుంది కదా, అది గుర్తొచ్చింది. అంటే ఎటు ఆడినా నువ్వు దెబ్బ తినేది తెరమీద కుడివైపే.

ఎడమవైపు నా బంటు ఒక్క గడి జరిగితే పసిగడతావు. కుడివైపు నా ఏనుగు తిన్నగా వచ్చి నిలబడ్డా నీకు పట్టదు. ఆట మరిచిపోయినవాడు అన్నివైపులా మరిచిపోతాడు.

తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీశాను. కుడి అద్దం గోడకి రాసుకుందన్న చోట ఎర్రకలంతో గీత పెట్టాను.

తమ్ముడూ, నీకు కుడివైపు కనిపించడం లేదు. స్టీరింగు వదులు. డాక్టరు చూసి పర్వాలేదు అనేదాకా బస్సెక్కకు. వచ్చే శుక్రవారం దాకా ఆగుతాను. అప్పటికీ చూపించుకోకపోతే మీ డిపో మేనేజరుకి నేనే చెబుతాను.

ప్రార్థనకి కూర్చున్నా ఆ గడులే కళ్ళముందు.

పెద్దక్క

*

అక్కా,

నాలుగు ఆటలు గెలిచేసరికి డాక్టరువి కూడా అయిపోయావా?

ఈ ఏడాది మొదట్లోనే కంటి పరీక్ష చేశారు. అడుగు వరస అక్షరాలు కూడా గడగడా చదివాను. ఎదురుగా చీమ పాకినా చెబుతాను. ఇన్నేళ్ళ సర్వీసులో నా బండి తగిలి ఒక్క మనిషికి గీత పడలేదు.

నువ్వు ఫోన్ చేస్తే ఏమవుతుందో తెలుసా? మేనేజరు మర్నాడే దించేస్తాడు. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. స్టీరింగు లాగేస్తే నేనెవర్ని? సొంత అక్కే నోటికాడ కూడు లాగిందని నా కూతురికి చెప్పుకోనా?

గ్రూపులోంచి తప్పుకున్నాను. ఇలాంటి ఉత్తరాలు ఇంక రాయకు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మరదలికి ఫోన్ చేశాను. "వదినా, మీ అక్కాతమ్ముళ్ళ మధ్య నన్ను పెట్టకండి. ఆయన డ్యూటీకి వెళ్ళారు" అని పెట్టేసింది.

శుక్రవారం దాకా ఆగుతానన్నాను. ఇవాళ బుధవారం. ఆగలేకపోయాను. మీ మేనేజరుకి చెప్పేశాను.

నీకు మంచి బుద్ధి పుట్టించమని దేవుణ్ణి అడుగుతూ కూర్చున్నాను. కిటికీలోంచి బడిపిల్లలు రోడ్డు దాటుతూ కనిపించారు. నా ప్రార్థన అయ్యేదాకా నీ బస్సు ఆగదు కదా అనిపించింది. లేచి ఫోన్ తీశాను.

నన్ను జన్మలో క్షమించకపోయినా సరే. నీ బస్సు కింద ఎవరూ పడకూడదు.

పెద్దక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మేనేజరు ఎదురుగానే కూర్చున్నాను. అప్పటికే బస్సు తాళాలు ఆయన బల్లమీద పెట్టేశాను.

నీ నోరు మూయిద్దామని ఆ పొద్దున డ్యూటీ ఎక్కేముందు పానాని పిలిచాను. "నేను సీట్లో తల తిప్పకుండా కూర్చుంటాను. నువ్వు కుడివైపు నుంచి బస్సు ముందుకి నడిచి రా. కనబడగానే హారన్ కొడతాను" అన్నాను. "ఓడిపోతే నెల్లాళ్ళు టీ నీదే" అన్నాడు. ఎంతసేపటికీ రాడే! "ఒరేయ్, నడవరా, టైమవుతోంది!" అని అరిచాను. ఉన్నట్టుండి నా ముక్కుకి ఎదురుగా ఊడిపడ్డాడు. "నడవడమేంట్రా? ఇందాకట్నుంచీ నీ కుడిపక్కనే నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాను" అన్నాడు. ఎడమవైపు నుంచి కూడా రమ్మన్నాను. వాడు మొదటి అడుగు వెయ్యగానే హారన్ కొట్టాను. వాడు నవ్వలేదు. టీ మాట ఎత్తలేదు. తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దించాడు.

ఆసుపత్రిలో చూపించుకున్నాను. కళ్ళు బాగానే ఉన్నాయట. వానల ముందు తలనొప్పి వచ్చిన పూట, మెదడులో చూపుని అందుకునే చోటికి రక్తం ఆగిందట. స్కానింగులో తేలింది. రెండు కళ్ళకీ కుడిసగం పోయింది. పోయిందని మనకి తెలియను కూడా తెలియదట. అది తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దన్నారు. మళ్ళీ అలా జరగకుండా మందులు రాశారు. బస్సు ఇక లేదు. షెడ్డులో ఏదో ఒక పని చూస్తానన్నారు మేనేజరు.

నీకు దండం పెట్టమంటోంది మా ఆవిడ. ఇంకా చేతులు రావడం లేదక్కా. అబద్ధం ఎందుకు? స్టీరింగు తలుచుకుంటే నీమీద కోపం ఇప్పటికీ పొంగుతోంది.

కానీ ఆ రోజు మేనేజరు నీ ఫోన్ స్పీకర్లో పెట్టారు. నేనున్నానని చెప్పొద్దని చేత్తో సైగ చేశాను. "మా తమ్ముడు మంచి డ్రైవరండీ. వాణ్ణి ఏమీ అనకండి. దించెయ్యండి, చాలు" అన్నావు. నీ గొంతు వణికింది. నాన్న పోయిన రోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ధైర్యం చెప్పిన గొంతు అది.

గురువారం మళ్ళీ ఆసుపత్రికి రమ్మన్నారు. ఇన్నాళ్ళూ ఊరంతా బస్సు తిప్పినవాణ్ణి, ఇప్పుడు కాలినడకన రోడ్డు దాటాలంటే భయం వేస్తోంది. ఇంట్లో కూడా చెప్పలేదు. నువ్వు రా అక్కా. నా కుడిపక్కన నడువు.

నీ తమ్ముడు