విరగని అరిసె

భవానీపురం,
11-7-1999

నాన్నా,

అందరం బాగున్నామని మొదలుపెట్టబోయి ఆగాను. మొన్న ఆదివారమేగా నిన్ను చూసి వచ్చాను! బస్సెక్కితే గంటలో కొండపల్లిలో నీ ముందుంటాను. అయినా ఈ ఉత్తరం ఏమిటంటావా? కింద ఇంటివాళ్ళ ఫోన్ దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. పైగా ఇది చెక్కపని తెలిసినవాడు నింపాదిగా ఆలోచించి చెప్పాల్సిన సంగతి.

పక్కింటి తెరేసమ్మగారు వాళ్ళ మనవరాలికి తోపుడుబండి కొందామనుకుంటున్నారు. అదే, పిల్లల్ని కూర్చోబెట్టి వెనకనుంచి తోసుకుపోతారే, ఆ కుర్చీబండి. తోడు రమ్మంటే బీసెంట్ రోడ్డులో ఒక కొట్టుకి వెళ్ళాను. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి నాలుగు చక్రాలది. గొడుగులా మడిచి చంకలో పెట్టుకోవచ్చు, తేలిక. కూర్చునేది మాత్రం వేలాడే గుడ్డ. రెండోది మూడు చక్రాలది. ముందు ఒక్కటి, వెనక రెండు పెద్దవి. వీపుకి గట్టి పలక, నడుముకీ భుజాలకీ పట్టీలు. బరువెక్కువ, మడత పడదు, మా మెట్లు ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. అంటే, తెరేసమ్మగారి మెట్లు.

మూడు చక్రాలదైతే మా సందుల్లో ఇట్టే తిరుగుతుందని కొట్టతను అంటాడు. పక్కకి పడిపోతుందని ఈయన అంటారు. పడుతుందా నాన్నా? చిన్నప్పటినుంచీ నువ్వు చక్రాలు చెక్కుతుంటే చూశాను కానీ ఏ చక్రం ఎందుకు నిలబడుతుందో ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ తొందరపడుతున్నారు, త్వరగా రాయి. అన్నం వండుకుంటున్నావా, లేక మళ్ళీ ఆ హోటల్ ఇడ్లీలేనా?

నీ హేమ


కొండపల్లి,
15-7-1999

అమ్మా హేమా,

జాబు అందింది. మూడా నాలుగా అన్నది తరవాత సంగతి. కూర్చునే మనిషి తెలియకుండా కుర్చీ చెప్పలేను. ఆ పిల్ల బరువెంత? కూర్చోబెడితే మెడ నిలుస్తుందా? నడుము ఏ పక్కకి ఒరుగుతుంది? ఇవి చూసి రాయి. అన్నమే వండుకుంటున్నాను. రుచితను ముద్దాడానని చెప్పు.

కొండలయ్య


భవానీపురం,
18-7-1999

నాన్నా,

నీ కార్డు నిన్న వచ్చింది. పోస్ట్‌మాన్ చేతిలోంచి తీసుకుని గుమ్మంలోనే చదివాను. "మెడ నిలుస్తుందా" అన్నచోట ఆగి, మళ్ళీ మొదటినుంచీ చదివాను. మామూలు పిల్లకి బండి కొంటామంటే ఎవరైనా ఆ మాట అడుగుతారా? నీకు తెలిసిపోయిందో, లేక చేతిపనివాడివి గనక అలవాటుగా అడిగావో నాకు తెలియదు. ఏదైనా సరే, ఇక నావల్ల కాదు.

తెరేసమ్మగారి మనవరాలికి బండి అక్కర్లేదు నాన్నా. అది వీధంతా పరుగులు పెడుతుంది, పట్టుకోలేక ఆవిడ ఆయాసపడుతుంటారు. బండి మన రుచితకి. బరువు పదకొండు కిలోలు. మెడ కాసేపు నిలుస్తుంది, అలిసిపోతే వాలిపోతుంది. నడుము ఎడమపక్కకి ఒరుగుతుంది. నువ్వు అడిగినవన్నీ రాశాను.

నువ్వు అడగనిది ఇప్పుడు రాస్తున్నాను. రుచిత ఇంతవరకూ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. నేను పంపిన అరిసెలు అబద్ధం.

పుట్టగానే అది ఏడవలేదని నీకు తెలుసు. అప్పుడు మెదడుకి గాలి అందలేదట. ఏడాది నిండినప్పుడే డాక్టరుగారు ఈ మాట చెప్పారు, నేనే ఎవరికీ చెప్పలేదు. కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారులే అని అమ్మ అంటుంటే, అవునవును అంటూ వచ్చాను. అది పదో నెలలో బోర్లాపడితే అమ్మ బొబ్బట్లు చేసి పట్టుకొచ్చింది, గుర్తుందా? "ఇక గడప దాటితే గారెలు, అడుగులకి అరిసెలు, నా చేతులకి ఖాళీ లేదు" అని ఎంత మురిసిపోయింది! గారెల నూనె కాగనే లేదు. పిల్ల గడప దాటలేదు.

నువ్వు చేసి పంపిన మూడు చక్రాల నడకబండి మా గదిలోనే ఉంది. లక్కరంగు ఇంకా మెరుస్తూనే ఉంది. దాని కర్రని పట్టిద్దామని ఎన్నిసార్లు నిలబెట్టానో! పిల్ల కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదానిమీద ఒకటి మెలిపడతాయి. గుక్కపెట్టి ఏడుస్తుంది. చివరికి ఈయన బండిని గోడవైపు తిప్పి పెట్టారు. "ఇక దాన్ని హింసపెట్టకే" అన్నారు. నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో అమ్మ మంచం పట్టింది కదా. నేను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "పిల్ల అడుగేసిందటే? నా కళ్ళు మూతపడేలోగా ఆ తొక్కిన అరిసె నా నోట్లో పెడతావటే?" మన ఇంటి ఆనవాయితీ, పిల్ల మొదట తొక్కిన అరిసె అమ్మమ్మకే. నేనెన్నిసార్లని తప్పించుకోను? ఆ శనివారం ఇంటికొచ్చి బియ్యం నానబోశాను. పాకం పట్టాను. పదిహేను అరిసెలు వండాను. వండేటప్పుడు కూడా ఏమో, ఇవాళ వేస్తుందేమో అనుకున్నాను, నా పిచ్చి కాకపోతే! చంకల కింద తువ్వాలు కట్టి నిలబెట్టాను. కాళ్ళు మెలేసింది. అప్పుడు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కుడికాలు పట్టుకుని, మెత్తగా ఉన్న అరిసె మీద నా చేత్తో నేనే అద్దాను. నొప్పెడుతుందేమోనని మెల్లగా అద్దాను. చక్కిలిగింత పుట్టి అది కిలకిలా నవ్వింది నాన్నా. నేను ఏడుస్తున్నాను, అది నవ్వుతోంది.

ఆ అరిసెను విడిగా కాగితంలో చుట్టి, మిగతావి డబ్బాలో పెట్టి, "మీ మనవరాలు మూడడుగులు వేసింది" అని చీటీ రాసి ఈయన చేత పంపాను. ఈయన వద్దన్నారు. "అత్తయ్యకి అబద్ధం తినిపిస్తావా?" అన్నారు. పోయే మనిషి మనశ్శాంతిగా పోనీ అన్నాను. పదకొండు రోజులకి అమ్మ పోయింది. పదోరోజు దాకా నేను కొండపల్లిలోనే ఉన్నాను కదా, పిల్లని చంక దించలేదు. కొత్త చోటు, బెదిరింది, జ్వరం, అంటూ రోజుకో మాట చెప్పాను. నువ్వు సరేనన్నావు. ఇప్పటికీ అమ్మ ఫొటోకి దణ్ణం పెట్టబోతే చేతులు లేవవు నాన్నా. కన్నతల్లిని చావుమంచం మీద మోసం చేసిన దాన్ని.

బండి సంగతి ఇప్పుడెందుకంటే, డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎప్పుడూ ఒళ్ళోనో చాపమీదో ఉండబట్టి వెన్ను వంకర తిరుగుతోందట. వీపుకి ఆధారం ఇచ్చి కూర్చోబెట్టాలి, నలుగురిలోకీ తిప్పాలి, అది లోకం చూడాలి అన్నారు. నడక మాట అడిగితే, "దానికోసం ఎదురుచూస్తూ ఇది మానకండమ్మా" అని ఊరుకున్నారు. నడకబండికీ మూడు చక్రాలే, ఈ బండికీ మూడు చక్రాలే. కానీ ఇది కొన్నానంటే అది ఇక అక్కర్లేదని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే కదా. అందుకే రెండుసార్లు కొట్టుదాకా వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాను. కొట్టతను "పాపకి ఎన్నో నెలమ్మా?" అని అడిగాడు. పదకొండో నెల అన్నాను. సెప్టెంబరు వస్తే మూడేళ్ళు నిండే పిల్లకి! చీర చెంగు కప్పి, కాళ్ళు కనపడకుండా ఎత్తుకుని, పదకొండో నెల అన్నాను. ఆ మాటకి నామీద నాకే అసహ్యం వేసింది.

నన్ను తిట్టు నాన్నా. తిట్టి, ఆ తరవాత ఏ బండి కొనాలో చెప్పు.

హేమ


కొండపల్లి,
22-7-1999

అమ్మా హేమా,

నేను పెద్ద ఉత్తరాలు రాసేవాణ్ణి కాదని నీకు తెలుసు. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. బొమ్మలు పక్కన పెట్టి రాశాను.

ఆ అరిసెల సంగతి మాకు ఆరోజే తెలుసు. అల్లుడు డబ్బా ఇచ్చి బస్సుకి వెళ్ళిపోయాక మీ అమ్మ కాగితం విప్పమంది. విప్పి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏవయ్యా, తొక్కిన అరిసె ఎక్కడన్నా ఇట్టా విరక్కుండా ఉంటదా? హేమ తొక్కినప్పుడు నాలుగు చెక్కలైంది, గుర్తుందా?" అంది. "ఇది పిల్ల అడుగులకి వండింది కాదు. నాకోసం వండింది" అంది. నాకు కోపం వచ్చింది. ఇప్పుడే పోయి నిన్ను అడిగి వస్తానని చొక్కా తగిలించుకున్నాను. చెయ్యి పట్టుకుంది. "అడగమాక. అడిగితే పాపం దానికి ఇంకో అబద్ధం వండాల్సొస్తది. దానంతట అది చెప్పేదాకా ఆగు" అంది.

నాలుగు రోజులుగా గంజి కూడా దిగని మనిషి ఆ అరిసె మొత్తం తిన్నది. చిన్న చిన్న తుంపులు చేసి నోట్లో పెట్టాను. నాకు ఒక తుంపు కూడా ఇవ్వలేదు. "చేత్తో అద్దితే ఏం, నా మనవరాలి కాలు తగిలిందిగా" అంది.

మనశ్శాంతిగా పోయిందని నువ్వు అనుకుంటున్నావు. నేను నీకు అబద్ధం చెప్పను. దిగులుతోనే పోయింది. అయితే పిల్ల నడవదన్న దిగులు కాదు. ఆ సంగతి ఇంత కాలం నువ్వు ఒక్కదానివే మోస్తున్నావని. "మనం అంత కానివాళ్ళమైపోయామా దానికి?" అని రెండు మూడుసార్లు అడిగింది. దినాల్లో నువ్వు పిల్లని చంక దించకుండా తిరుగుతుంటే చూశాను. అప్పుడైనా అడగాల్సింది. మీ అమ్మ మాట పట్టుకుని కూర్చున్నాను. అది నా తప్పు. నువ్వు రాసిన పక్కింటి పిల్ల కబురు చూడగానే, ఇక ఆగకూడదని ఆ కార్డు రాశాను. మెడ మాట కావాలనే అడిగాను. తిట్టమన్నావు. తిట్టేది ఏమీ లేదు.

ఇక బండి. వేలాడే గుడ్డ వద్దేవద్దు. నడుము ఇంకా జారుతుంది. మూడు చక్రాలదే తీసుకో. మూడు కాళ్ళ పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా కదలదు, నాలుగు కాళ్ళదైతే ఒక కాలు గాలిలో ఉంటుంది. అల్లుడు చెప్పినదాంట్లోనూ నిజం ఉంది, మలుపులో వేగంగా తిప్పితే పక్కకి ఒరుగుతుంది. మెల్లగా తిప్పాలి. వెనక చక్రాలు రెంటికీ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది, నేను జానతో కొలిచి చూస్తాను. ఎడమపక్క ఆనుకోవడానికి ఒక చెక్క కావాలి. మన బొమ్మలు చేసే పొణికి చెక్క తేలిక, పిల్లకి గుచ్చుకోదు. చెక్కి, దూది పెట్టి, గుడ్డ కుట్టించి తెస్తాను. మెట్ల మాట వదిలెయ్. నేనూ అల్లుడూ లేమా?

గోడవైపు తిప్పిన నడకబండిని ఇటు తిప్పు. నేను చేసిన వస్తువు మొహం చాటేసి ఉండకూడదు. ఇక్కడ మన వీధిలో జాన్‌బాబు కూతురికి ఎనిమిదో నెల, లేచి నిలబడుతోంది. నీకు మనసొప్పితే ఇద్దాం. ఒప్పకపోతే ఉంచు. అందులో తొందరేమీ లేదు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటల బస్సుకి వస్తున్నాను. రుచితకి మంచి గౌను వెయ్యి. చీర చెంగు కప్పొద్దు, కాళ్ళు బయటికే ఉండనీ. నేను ఎత్తుకుంటాను. కొట్టతను ఎన్నో నెల అని అడిగితే నువ్వు నోరు విప్పక్కర్లేదు. "మూడో ఏడు నిండబోతోంది, మా మనవరాలు నడవదు, దానికి మంచి బండి చూపించవయ్యా" అని నేను చెబుతాను.

మీ నాన్న,
కొండలయ్య